ఐ.పి. కాగితం

అఫ్జల్‌గంజ్‌లో 'ఐ.పి. పెట్టిండు' అంటే తిట్టు. బేగంబజారులో ఏ దుకాణం షట్టరు పొద్దెక్కినా లేవకపోతే హమాలీలు ముందుగా అనుకునే మాట అదే. సేటు దివాలా తీస్తాడు, ఆర్నెల్లకు పెండ్లాం పేరు మీద పక్క గల్లీలో ఇంకో దుకాణం తెరుస్తాడు. అందుకే 1994లో వకీలు సారు ఐ.పి. పెట్టమంటే నాయిన మొఖం మాడిపోయింది. "మాదిగోన్ని గాని దొంగను గాను సారూ" అన్నాడు.

నాయిన సెంట్రల్ లైబ్రరీ గోడ పక్కన చెప్పులు కుట్టేవాడు. అవ్వ ఆపరేషన్‌కు మొదటి గిరిగిరి తెచ్చిండు. మూడు వేలని రాసుకొని, మూడు వందలు ముందే పట్టుకొని 2,700 చేతిల పెడతరు. రోజుకు ముప్పై, నూరు దినాలు. వానపడితే నాయినకు కూసునే జాగ ఉండదు, కిస్తీలాయన మాత్రం గొడుగేసుకొని వస్తడు. అది తీర్చనీకె ఇంకోటి, దానికి ఇంకోటి. నాలుగేండ్లకు ఆరుగురికి 22 వేలు. ఒకాయన కోర్టు డిక్రీ తెచ్చి జైల్ల ఏపిస్తనన్నడు. కట్టలేని పేదోణ్ణి ఆ ఒక్క కారణానికే జైల్లో పెట్టొద్దని జాలీ జార్జి వర్గీస్ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు మీద కూసున్నోనికి ఆ సంగతి ఎవరు చెప్తరు?

వకీలు సారు చెప్పింది 1920 నాటి ఇన్సాల్వెన్సీ చట్టం. అప్పు అయిదు వందలుంటే చాలు, కట్టలేనని కోర్టుకు పోవచ్చు. ఉన్న ఆస్తి కోర్టు చేతికి పోతుంది, అమ్మి అప్పులోళ్ళకు పంచుతారు. ఆఖరికి డిశ్చార్జి ఇస్తే మిగిలిన అప్పు రద్దు. మోసం చేసి తెచ్చింది, సర్కారు బాకీ మాత్రం పోవు.

ఆస్తుల జాబితా రాసినరోజు నేను పక్కనే ఉన్న. ఆరె, రంపె, ఇనుప దిమ్మె, మైనం ముద్ద, దారం ఉండ, చినిగిన గొడుగు. రెండు గిన్నెలు, ఒక గొంగడి. టైపు కొట్టేటాయన "గొడుగు గూడ రాయాల్నా?" అని నవ్విండు. "రాయాలె, ఏదీ దాచొద్దు. కానీ ముట్టుకోరు" అన్నాడు వకీలు. చేతిపనోళ్ళ పనిముట్లు, వంట గిన్నెలు, కట్టుబట్టలు, పడక జప్తు చెయ్యొద్దని 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. ఆరె ధరెంత అంటే నాయిన చెప్పలేకపోయిండు. అది తాతది. తాత పటేలు ఇంట్ల జీతమున్నడు. జీతగాళ్ళ బాకీలన్నీ కొట్టేస్తూ 1976లో చట్టమొచ్చేనాటికి ఆయన లేడు. మొత్తం ఆస్తి 85 రూపాయలని తేల్చిండ్రు.

ఆరుగురికీ నోటీసులు పోయినయి. కోర్టుకు వచ్చింది ఇద్దరే. మావోడు యాడనో ఇల్లు దాచిండని ఒకాయన వాదించిండు. చూపియ్యలేకపోయిండు. రెండేండ్లకు డిశ్చార్జి అయింది. ఆ రెండేండ్లూ చాయ్ హోటలాయన ఖాతా బందు పెట్టిండు. "ఐ.పి.గాడు" అనే పేరు మాత్రం నాయినకు చచ్చేదాకా పోలె.

జాబితాలో మా వాడకట్టు పోశవ్వ ఆరు వందలు కూడా ఉండె. కోర్టు అదీ కొట్టేసింది. నాయిన దినాం అయిదు, పది చొప్పున అంతా కట్టిండు. "సేటుది మిత్తి బిడ్డా, పోశవ్వది కూలి" అన్నడు.

2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది. ఏడాదికి 60 వేల ఆదాయం, 20 వేల ఆస్తి, 35 వేల అప్పు మించని, సొంత ఇల్లు లేనోళ్ళకు బాకీ మాఫీ దారి అందులో రాసిండ్రు. 2019 డిసెంబరులో మాత్రం కంపెనీల అప్పుకు పూచీపడ్డోళ్ళ మటుకే తలుపు తీసిండ్రు. మొన్న ఒక హమాలీ పిలగాడు గిరిగిరి బాధ చెప్పుకుంటే, చీటీ మీద 1920 చట్టం పేరే రాసిచ్చిన.