గూడూరిలో గిద్దెడు బియ్యము

ఫాల్గుణ మాసమున నెల్లూరి నుండి గూడూరికి రైలులో పోవుట కన్నుల పండువు. వేదాయపాళెము దాటినది మొదలు ఇరుప్రక్కల వరిపొలములే. కొన్ని చేలు పండి పసుపువన్నె తేలియుండును. కొన్నింట కోతయంత్రము తిరుగుచుండును. వెంకటాచలము, మనుబోలు దరిదాపుల బాటల ప్రక్కన క్రొత్త ధాన్యము ఆరబోసి యుందురు. దారి 38 కిలోమీటర్లే. దీనిని మేమెన్నిమారులు పోయితిమో లెక్కలేదు. కాని మొన్నటి ఫాల్గుణమున మాత్రము మా చూపు చేలమీద నిలువలేదు. ఆనాటి వేకువను మా అత్తగారికి ఒడలెల్ల చెమటలు క్రమ్మి, మాట తడబడి, పిలిచిన పలుకని స్థితి కలిగినదని గూడూరి నుండి మా బావగారు ఫోను చేసిరి. మా వారు బడికి సెలవు వ్రాసి పంపిరి. ఇరువురమును దొరికిన తొలిబండి ఎక్కితిమి.

గూడూరు పెద్ద కూడలి స్టేషను. చెన్నపట్టణమునకు పోవు దారియు, వేంకటగిరి, కాళహస్తుల మీదుగా రేణిగుంటకు పోవు దారియు ఇచ్చట విడిపోవును. ఊరు నిమ్మకాయల వ్యాపారమునకు ప్రసిద్ధి. సైదాపురము వైపు నేలలలో అభ్రకము దొరకును. ఎండ పడినచో బాటలోని మన్ను సైతము తళుక్కుమనును. ఇన్ని యున్నను ఈ సీమవారికి గొప్ప తమ బియ్యముననే. ఇచ్చటి పెద్దలయెదుట మొలగొలుకుల పేరెత్తి చూడుడు, మొగము విప్పారును. అట్టి ఊర, అట్టి యింట, ఒక వృద్ధురాలికి అన్నము మాన్పించుటచే వచ్చిన ముప్పును గూర్చి సోదరీమణులకు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము చేరుసరికి అత్తగారు ఆస్పత్రిలో నుండిరి. నరమునకు గ్లూకోసు ఎక్కింపగా కన్నులు తెరచిరి. మమ్ము చూచి, "ఏమియు లేదమ్మాయీ, వట్టి నీరసము. పిల్లలను విడిచి ఎందుకు వచ్చితిరి?" అనిరి. మా తోడికోడలు మాత్రము కన్నీరు నిలుపుకొనలేకపోయెను. "చెల్లెలా, మూడు వారములనుండి ఒక్క మెతుకు పెట్టలేదు. అంత కనిపెట్టి చూచినను ఇట్లేల జరిగినది?" అని అడిగెను.

దానికి వైద్యుడు చెప్పిన సమాధానము మాకందరకును చెంపపెట్టువలె తగిలినది. అత్తగారికి డెబ్బదియొక యేండ్లు. మధుమేహము బయటపడి ఆరేండ్లాయెను. ఆమె పుచ్చుకొనుచుండిన మాత్రలలో నొకటి, శరీరమున ఇన్సులిను హెచ్చుగా ఊరునట్లు చేయునది. ఆహారమున్నను లేకున్నను ఆ మాత్ర తన పని తాను చేయును. ఆ రాత్రి ఆమె మాత్ర వేసికొని, ఒక లోటా మజ్జిగ త్రాగి పండుకొనిరి. రక్తములోని చక్కెర 52కు దిగిపోయినది. 70కి దిగువ ప్రమాదమని గ్రహింపవలెను. "ఆహారము మార్చునప్పుడు మాతో చెప్పినచో మందు మార్చియుందుము గదా!" అని ఆయన అనిరి. మా యింటివారు ఆ మాటయే చెప్పలేదు. ఎవరో చుట్టము అన్నమే విషమని చెప్పగా, ప్రేమతోనే మానిపించిరి.

పోనీ, దానివలన చక్కెరయైన అదుపునకు వచ్చినదా? అదియును లేదు. అన్నమునకు బదులు మధ్యాహ్నము నాలుగు చపాతీలు పెట్టుచుండిరి. గోధుమపిండిలోను, రాగులలోను, జొన్నలలోను పిండిపదార్థమే మిక్కుటము. పేరు మారినంతనే కొలత మారదు. పుస్తకములో వ్రాసియుంచిన లెక్కలు చూడగా పగటి భోజనము తరువాత 200కు పైననే యున్నది. పగలు హెచ్చి, వేకువను దిగి, రెండు విధముల నష్టమే కలిగినది.

చక్కెర లెక్కలలో కనబడని నష్టము మరియొకటి యున్నది. ఏబది యేండ్లు ఆ యింట అందరికి వడ్డించిన యిల్లాలు పంక్తిలో కూర్చుండుట మానివేసిరి. మనుమలు పప్పన్నము కలుపుకొను వేళకు ఏదో పని యున్నట్లు పెరటిలోనికి పోవుచుండిరట. "చూచుచు కూర్చుండలేనమ్మా" అని ఆస్పత్రిలో ఆ రాత్రి మాతో మెల్లగా చెప్పిరి.

ఉపవాసమే మందుగా నుండిన కాలమొకటి లేకపోలేదు. 1921లో కెనడా దేశమున టొరాంటో నగరములో బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును కనుగొనుటకు పూర్వము, పసిబిడ్డలను సైతము పస్తులుంచి దినములు పొడిగించుచుండిరి. అంతకన్న వేరుదారి వారికి లేదు. నేడు దారి యుండియు మన యిండ్లలో పెద్దలను పస్తులుంచుట న్యాయమా? మన ప్రాచీన వైద్యులును ప్రమేహరోగికి అన్నమును బొత్తిగా నిషేధింపలేదు. చరకుడు యవలకు అగ్రస్థానమిచ్చియు, పాతబడిన శాలిధాన్యమును పెసలకట్టుతో భుజింపవచ్చుననెను. ఏ ధాన్యము, దేనితో కలిపి యని వారు విచారించిరి. ఎంత యను విచారమును దానికి చేర్చికొనుట నేటి మన పని.

ఒక దినము ఉంచి అత్తగారిని ఇంటికి పంపిరి. మాత్రలు మార్చిరి. మా వారు మరునాడు బడికి తిరిగిపోయిరి. మేము పదునైదు దినములు నిలిచితిమి.

మొదటి పని బియ్యపు అంగడికి పోవుట. అంగడివాడు మా మాట సాంతము వినకయే ఒక సంచి చూపి, "ఇది షుగరు లేని బియ్యమమ్మా, ఎంత తిన్నను ఏమీ కాదు" అనెను. అట్టి బియ్యము లోకమున లేదు. ఏ తెల్లబియ్యమైనను 100 గ్రాములలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. భేదమంతయు ఆ పిండి ఎంత వేగముగా రక్తమున చక్కెరగా మారుననుటలో నున్నది. ఈ వేగమును కొలుచుటకు 1981లో అదే టొరాంటో నగరమున జెంకిన్సు అను వైద్యుడును ఆయన తోడివారును గ్లైసీమిక్ సూచిక యను కొలమానమును ఏర్పరచిరి. గ్లూకోసును 100గా నుంచి, 55 మొదలు దానికి లోపలిది తక్కువ, 70 మొదలు దానికి పైనది ఎక్కువ యని లెక్క. హైదరాబాదు రాజేంద్రనగరమున పుట్టిన ఆర్.ఎన్.ఆర్. 15048 అను తెలంగాణ సోనకును, 2008లో వెలువడిన మెరుగైన సాంబ మసూరికిని ఈ సూచిక 51 ప్రాంతమున నున్నదని పరీక్షలలో తేలినది. కనుక ఆ సంచిలోనిది మంచి బియ్యమే కావచ్చును. "ఎంత తిన్నను" అనుమాటయే తప్పు. నెమ్మదిగా నడచువాడును చాలసేపు నడచినచో దూరము పోవును గదా!

మరి రెండు రకములు సోదరీమణులు ఎరుగవలెను. దంపుడుబియ్యము తవుడుతో కూడినది; పీచు, జీవసత్వములు అధికము; తెల్లబియ్యముకన్న కొంత నిదానముగా జీర్ణమగును. ఉప్పుడుబియ్యము వడ్లను ఉడికించి ఆరబెట్టి దంచినది. వడ్లలోని బి జీవసత్వము గింజలోనికి దిగును. ఇదియు సాధారణముగా పచ్చిబియ్యముకన్న నిదానమే. మరలు వచ్చి బియ్యమును మెరుగుపెట్టుట హెచ్చిన కాలమున బెరిబెరి వ్యాధి ప్రబలగా, దానిని శోధించుటకై 1918లో కూనూరున ఒక్క గదిలో మెకారిసను గారు ఆరంభించిన పరిశోధనయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. తవుడు మనకు ఎంత యవసరమో ఆ చరిత్రయే చెప్పును.

మేము పాత సోన బియ్యమును కొంత, దంపుడుబియ్యమును కొంత తెచ్చితిమి. క్రొత్తబియ్యము ముద్దగా అగును. ముద్దగా, మెత్తగా ఉడికినకొలది పిండి వేగముగా చక్కెర యగును. పాతబియ్యము పొడిపొడిగా ఉడుకును. దంపుడుబియ్యమును రెండు గంటలు నానబెట్టి, నీరు హెచ్చుగా పోసి, సెగ తగ్గించి వండితిమి. అయినను అత్తగారికి పండ్లు బలహీనమగుటచే అది నములుట కష్టమాయెను. వారమునకు రెండుమారులకు మించి బలవంతము చేయలేదు. తినలేనిదానిని మంచిదని పెట్టుట మరల పస్తుంచుటయే.

గంజి వార్చినచో చక్కెర పోవునా యని పలువురు అడుగుదురు. కొంత పిండి పోవును. దానితో జీవసత్వములును పోవును. మిగిలినది అన్నమే కనుక కొలత తప్పదు. వండి చల్లార్చిన అన్నమున పిండి కొంతభాగము గట్టిపడి నిదానముగా జీర్ణమగును. మరల వేడిచేసినను ఆ గుణము కొంత నిలుచును. ఐతే మన వేసవిలో అన్నమును గంటలతరబడి బయట నుంచరాదు. అందు పుట్టు విషము మరల కాచినను పోదు. చల్లారిన వెంటనే ఫ్రిజ్జులో నుంచి, కావలసినంత పొగలు వచ్చునట్లు వేడిచేసికొనవలెను.

ఇక కొలత. అత్తగారి ఇత్తడి గిద్ద దేవుని గూటి క్రింద పసుపు నింపుకొని యుండెను. తోమి, బియ్యము తలకొట్టి కొలిచి త్రాసులో నుంచగా 50 గ్రాములు తూగినది. అనగా 39 గ్రాముల పిండిపదార్థము. వైద్యుని అడుగగా, మధ్యాహ్నమునకు ఆ గిద్దెడే చాలునని, రాత్రికి అందులో ముప్పాతిక యని నిర్ణయించిరి. మునుపు ఆమె పూటకు మూడు గిద్దల అన్నము తినుచుండిరి. ఈ కొలత అందరికి చెల్లదు. వయస్సు, పని, మందు, మూత్రపిండముల స్థితి చూచి ఎవరి వైద్యుడు వారికి చెప్పవలెను.

గిద్దెడు అన్నముతో కడుపు నిండునా? విస్తరిలో మిగిలిన చోటును నింపుటయే యిల్లాలి నేర్పు. ముందుగా గోరుచిక్కుడో, బెండయో, కాకరయో కూర ఒక గిన్నెడు. తరువాత తోటకూర పప్పు. వీనిని సగము తినిన పిమ్మట అన్నము. కూర, పప్పు ముందు తిని అన్నము వెనుక తినినచో చక్కెర అంత వేగముగా పెరుగదు. తినువారు చేప, గ్రుడ్డు చేర్చుకొనవచ్చును. కడపట పెరుగు, గూడూరి నిమ్మకాయ పిండిన దోసకాయ ముక్కలు. భోజనమైన పిదప పెరటిలో పావుగంట మెల్లగా నడక. మొదటి దినము అలవాటు చొప్పున చారన్నము ముందు తినగా రెండు గంటల తరువాత 214 చూపినది. క్రమము మార్చిన వారమునకు 160, 170ల నడుమ నిలిచినది. నడుమ ఒకనాడు 190యు వచ్చినది. అది ఒక్కరి లెక్కయే. ఎవరి లెక్క వారు పరీక్షించుకొని వ్రాసికొనవలెను.

మరియొక జాగ్రత్తను ప్రతి యింట గోడకు వ్రాసి అంటింపవలెను. మందు తినువారికి చెమట, వణకు, తొందర ఆకలి, మాట తడబాటు కలిగినచో తెలివి యున్నంతవరకు మూడు చిన్న చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. పావుగంటకు మరల పరీక్షింపవలెను. తెలివి లేనిచో నోట ఏమియు పోయరాదు. 108కి ఫోను చేయవలెను. మన దేశమున 10 కోట్లమందికి పైగా మధుమేహులున్నారని 2023లో వెలువడిన లెక్క. ఈ జాగ్రత్త తెలియవలసిన యింట వంట చేయువారు ఎందరో ఊహించుకొనుడు.

తొలినాడు అత్తగారు గిద్దెడన్నము చూచి, "ఇది పిచ్చుకలకు పెట్టినట్లున్నది" అని నవ్విరి. కాని పంక్తిలో కూర్చుండిరి. చిన్నమనుమడు తన విస్తరి ఈడ్చుకొని వారి ప్రక్కకు చేరెను. మూడవనాడు ఉదయమున మేము వంటయింటిలోనికి పోవునప్పటికి వారే చాటలో బియ్యము పోసికొని, గిద్ద నింపి, పైన వ్రేలితో తలకొట్టుచుండిరి. "నాకు నేనే కొలుచుకొందునమ్మాయీ. మీరు కొలిచిన శిక్షవలె నున్నది, నేను కొలిచిన లెక్కవలె నున్నది" అనిరి.

తిరుగు ప్రయాణమున మా తోడికోడలు స్టేషనుకు వచ్చి సంచెడు నిమ్మకాయలు చేతికిచ్చెను. బండి మనుబోలు దాటునప్పుడు కోసిన చేలలో కొంగలు వ్రాలియుండెను. ఇంటికి చేరగానే మా పాత సామానుల పెట్టె విప్పి గిద్ద వెదకితిమి. మా వారికిని నలుబది దాటినవి.