ఊపిరితిత్తుల్లో రాయి... ఫైల్లో ఏదీ?

పల్లెల్లో పెరిగినవాళ్లకు పలుగురాయి కొత్త కాదు. చేను గట్టున దొరికిన రెండు తెల్లరాళ్లు తెచ్చి, దీపం ఆర్పేసి, చీకట్లో ఒకదానితో ఒకటి రుద్దితే... చిన్న మిణుకు! పిల్లలకు అదో ఇంద్రజాలం.

అదే రాయిని మిల్లులో వేసి మైదాపిండిలా కొడితే? ఆ పిండి గాల్లోకి లేస్తే? మూతికి గుడ్డ కట్టుకుని పొద్దస్తమానం ఆ గాలే పీలిస్తే? ఏమవుతుందో మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, ఆలీరాజ్‌పూర్, ధార్ జిల్లాల గిరిజన పల్లెలకు తెలుసు. అక్కడ వందల ఇళ్లు ఆ పిండి వల్ల మనుషుల్ని పోగొట్టుకున్నాయి. పోయినవాళ్లు ఎలా పోయారో ఊరందరికీ తెలుసు. సర్కారుకు మాత్రం రుజువు కావాలి. ఆ రుజువు కోసం వాళ్లు తిరిగిన తిరుగుడు ఒకటీ రెండేళ్లది కాదు.

వానలు వెళ్లాక వలస

భిల్లులు, భిలాలాలు ఉండే ఆ కొండ ప్రాంతంలో వానాధార సేద్యమే ఎక్కువ. మొక్కజొన్న ఇల్లు చేరాక చేతికి పని ఉండదు. సరిహద్దు దాటితే గుజరాత్. గోధ్రా, బాలాసినోర్ చుట్టుపక్కల పలుగురాయి పిండిచేసే మిల్లుల్లో కూలి దొరుకుతుంది. ఆ పిండి గాజు పరిశ్రమకు వెళుతుంది. మన పాలమూరు వలసల్లో గుంపు మేస్త్రీ ఉన్నట్టే అక్కడా ఒక మనిషి వచ్చి పదిమందిని పోగేసి తీసుకెళతాడు. మొగుడూ పెళ్లాం కలిసి వెళ్లిన ఇళ్లున్నాయి, అన్నదమ్ములందరూ వెళ్లిన ఇళ్లున్నాయి.

రాయి కొట్టడం, పిండి బస్తాలకెత్తడం... అదీ పని. కంటికి కనిపించే దుమ్మును ముక్కు, గొంతు కొంతవరకు ఆపుతాయి. కంటికి కనిపించనంత సన్నటిది తిన్నగా ఊపిరితిత్తుల అడుక్కి వెళ్లి కూర్చుంటుంది. అక్కడ మెత్తటి కండ గట్టిపడి మచ్చకడుతుంది. గాలి పట్టే చోటు రోజురోజుకీ తగ్గిపోతుంది. దీనిపేరు సిలికోసిస్. ఒకసారి వచ్చాక నయంచేసే మందు లేదు. పని మానేసినా జబ్బు ఆగదు. మామూలుగా ఇది బయటపడటానికి పదేళ్లో, ఇరవయ్యేళ్లో పడుతుంది. దుమ్ము విపరీతంగా ఉండే ఆ మిల్లుల్లో కొద్ది నెలలు పనిచేసి వచ్చినవాళ్లు కూడా మంచాన పడ్డారు.

చీటీ మీద రెండక్షరాలు

దగ్గు, ఆయాసం, బరువు తగ్గిపోవడం. ఎక్స్‌రేలో మచ్చలు. ఆసుపత్రికి వెళితే చీటీ మీద రాసే మాట చాలాసార్లు ఒకటే... టీబీ. నెలల తరబడి టీబీ మాత్రలు మింగినా గుణం కనిపించదు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ కూడా తేలిగ్గా సోకుతుంది కాబట్టి అసలు జబ్బు దాని చాటున దాక్కుంటుంది.

ఈ తేడా వైద్యానికి సంబంధించింది మాత్రమే కాదు. టీబీ అంటే అది రోగి ఖర్మ. ఎవరినీ అడగడానికి లేదు. సిలికోసిస్ అంటే ఎక్కడో ఒక మిల్లు ఉంది, దానికో యజమాని ఉన్నాడు, దాన్ని తనిఖీ చేయాల్సిన ఒక ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. చీటీ మీద మాట మారితే బాధ్యత ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మారిపోతుంది!

చట్టం లేదా అంటే, ఉంది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలో సిలికోసిస్‌ను వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చారు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం అలాంటి రోగిని చూసిన డాక్టరు ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు తెలియజేయాల్సి ఉండేది. కానీ తెలియజేయాలంటే ముందు డాక్టరు ఒక మాట అడగాలి కదా... ‘ఏం పని చేస్తావు?’ అని.

దేవుడు వరమిచ్చినా...

పూజారి వరమివ్వడంటారు. పరిహారం కోసం ఆఫీసు మెట్లెక్కిన ఇళ్లవాళ్లకు ఎదురైంది అదే. ఆ మిల్లులో పనిచేసినట్టు గుర్తింపు కార్డు ఉందా? హాజరుపట్టీలో పేరుందా? జీతం చీటీ ఉందా?

ఏవీ లేవు. ఉండవు కూడా. లారీ ఎక్కించి తీసుకెళ్లి, వారం వారం చేతిలో డబ్బు పెట్టి, మంచాన పడగానే ఇంటికి పంపేసిన చోట కార్డులు ఎవరిచ్చారు? హాజరుపట్టీ రాయకపోవడం యజమాని తప్పు. రాశాడో లేదో చూడకపోవడం తనిఖీ శాఖ తప్పు. శిక్ష మాత్రం పనిచేసి జబ్బు తెచ్చుకున్నవాడికి. ఎక్స్‌రేలో రాయి కనిపిస్తూనే ఉంటుంది. అది ఏ మిల్లు రాయో చెప్పే కాగితం ఫైల్లో ఉండదు.

దానికి తోడు రెండు రాష్ట్రాల వ్యవహారం. పని గుజరాత్‌లో, చావు మధ్యప్రదేశ్‌లో. ఇక్కడ అడిగితే అక్కడికి, అక్కడ అడిగితే ఇక్కడికి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చే మనిషి ఏ ఆఫీసుకని వెళతాడు?

అప్పుడు ఊళ్లే కదిలాయి. ఆలీరాజ్‌పూర్ ప్రాంతంలో గిరిజనుల మధ్య పనిచేసే ఖేడుత్ మజ్దూర్ చేతనా సంగఠ్ వంటి సంఘాలు ఊరూరా తిరిగి రోగుల వివరాలు, పోయినవాళ్ల వివరాలు రాసుకున్నాయి. మిల్లు రాయని హాజరుపట్టీని ఊరు రాసుకుందన్నమాట!

2006లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ విచారణ జరిపి, 2010 నవంబరులో తేల్చిచెప్పింది. చనిపోయిన 238 మంది కుటుంబాలకు ఒక్కొక్కరికి 3 లక్షల రూపాయల చొప్పున గుజరాత్ ప్రభుత్వం ఇవ్వాలి. జబ్బుతో ఉన్న 304 మందికి మధ్యప్రదేశ్ ప్రభుత్వం పునరావాసం కల్పించాలి.

హమ్మయ్య అనుకున్నారా? 238 మందికి 3 లక్షల చొప్పున లెక్క కడితే 7 కోట్ల 14 లక్షలు. ఒక రాష్ట్ర ప్రభుత్వానికి అదేమంత మొత్తం? అయినా డబ్బు రాలేదు. 2016 మే 4న సుప్రీంకోర్టు, కమిషన్ చెప్పిన సొమ్ము చెల్లించాల్సిందేనని గుజరాత్‌ను ఆదేశించింది. తేల్చిచెప్పిన నాటికీ ఆదేశానికీ మధ్య అయిదున్నరేళ్లు. సిలికోసిస్ రోగికి అయిదున్నరేళ్లంటే ఏమిటో ఆ ఇళ్లలోవాళ్లనే అడగాలి.

అసలు పిటిషన్‌పై విచారణ ముగిసింది 2024 ఆగస్టు 6న. దేశంలో సిలికోసిస్ ముప్పున్న పరిశ్రమల కాలుష్యం మీద కన్నేసే పని జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు, పరిహారం అందుతోందో లేదో చూసే పని మానవ హక్కుల కమిషన్‌కు కోర్టు అప్పగించింది. కేసు వేసిన ఏడాది పుట్టిన బిడ్డకు ఆ ఏడాది ఓటుహక్కు వచ్చింది!

అడగాల్సిన తీరు వేరు

ఇంకోలా చేయొచ్చని చూపించిన రాష్ట్రమూ ఉంది. ఇసుకరాతి గనులు ఎక్కువగా ఉన్న రాజస్థాన్ 2019లో ఒక విధానం తెచ్చింది. వైద్యుల బోర్డు సిలికోసిస్ అని ధ్రువపరిస్తే రోగికి 3 లక్షలు. ఆ తర్వాత చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు. నెలనెలా పింఛను. అక్కడ మొదటి ప్రశ్న ‘నీ యజమాని ఎవరు?’ అని కాదు, ‘నీ ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి?’ అని. ధ్రువపత్రం కోసం అక్కడా బోర్డు ముందుకు వెళ్లాల్సిందే. కానీ బతికున్నప్పుడే ఎంతో కొంత చేతికి అందాలన్న ఆలోచన అందులో ఉంది.

ఇదంతా ఎక్కడో ఝాబువా గోడు అనుకోవడానికి లేదు. పలకలకు పేరుపడ్డ మార్కాపురం మనదే. గ్రానైట్ కోసే యూనిట్లు, కంకర మిల్లులు, పలుగురాయి పిండి మిల్లులు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. రాయి ఏ ఊరిదైనా దుమ్ము చేసే పని ఒకటే.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కొత్త కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పనిలో పెట్టుకున్నవారికి యజమాని నియామక పత్రం ఇవ్వాలన్నది అందులో ఒక నియమం. చదవడానికి చిన్న నియమమే. గోధ్రా వెళ్లిన కూలీల దగ్గర లేనిది సరిగ్గా ఆ ఒక్క కాగితమే. లారీ ఎక్కి వెళ్లే కూలీ చేతికి ఆ కాగితం నిజంగా అందుతుందా అన్నదే ఇక చూడాలి.

అందేదాకా చేతిలో పని చేతిలో ఉంది. ఎక్కడ పనికి వెళ్లినా మిల్లు పేరు, మేస్త్రీ పేరు, వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ ఒక నోటుబుక్కులో రాసుకోవడం. వీలుంటే పనిచోట ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచుకోవడం. కూలి డబ్బు ఫోన్లో పడితే ఆ వివరాలు చెరిపేయకపోవడం. దగ్గుతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు, డాక్టరు అడిగినా అడక్కపోయినా ‘రాయి దుమ్ములో పనిచేశానయ్యా’ అని చెప్పి, ఆ మాట చీటీ మీద రాయించుకోవడం.

పేరు రాయడం రానివాళ్లకు పక్కింటి పిల్లలు రాసిపెట్టొచ్చు. అయిదు నిమిషాల పని. ఆ 238 ఇళ్లవాళ్ల దగ్గర అలాంటి పుస్తకమొకటి ఉండి ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదేమో!