ఆఫీసు లేని ఉద్యోగంలో కొత్తవాళ్ళు

కొత్త కోడలు అత్తవారింట అడుగుపెట్టిన నాడు ఉప్పు డబ్బా ఎక్కడుందో ఎవరూ చెప్పకపోతే ఆవిడ పడే అవస్థ మీలో చాలామందికి తెలిసే వుంటుంది. అడిగితే "ఈపాటి తెలియదా?" అంటారేమోనని భయం, అడగకపోతే కూర చప్పన. అత్తగారు వంటింట్లో వుంటే ఆవిడ చెయ్యి ఏ అలమారువైపు పోతోందో చూసి తెలుసుకోవచ్చు. అలాకాక అత్తగారు బెంగుళూరులో, ఆడబిడ్డ పుణేలో, కోడలు బొబ్బిలిలో వుండి, వంట మాత్రం అందరూ కలిసి చెయ్యాలంటే? నవ్వకండి. మా అమ్మాయి చేస్తున్న ఉద్యోగం సరిగ్గా అటువంటిదే.

మేముండేది చిట్కుల్‌లో. పటాన్‌చెరు పక్కన, ఇస్నాపూర్‌కు దగ్గర. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడేదాకా చిరునామాలో మెదకు జిల్లా అని రాసుకునేవాళ్ళం. నేను 1984లో తెనాలి నుంచి ఇక్కడికి వచ్చి, ఒక ఫ్యాక్టరీ టూల్‌రూములో ముప్ఫైరెండేళ్ళు చేసి రిటైరయ్యాను. షిఫ్టు వేళకు చుట్టుపక్కల జనమంతా టిఫిను డబ్బాలు పట్టుకుని బయలుదేరితే మా అమ్మాయి మేడమీద గదిలోకి వెడుతుంది. అదే ఆఫీసు. "పోరి ఇల్లు కదలదు, జీతమెట్లొస్తది సారూ?" అని పక్కింటి పెద్దమనిషి నన్ను చాలాసార్లు అడిగాడు.

ఆమె ప్రాడక్టు డిజైనరు. ప్రాడక్టంటే ఏ బేరింగో, బోల్టో అనుకున్నాను మొదట. కాదట. మందుల షాపులవాళ్ళు బిల్లులు వేసుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. తెర మీద ఏ మీట ఎక్కడుండాలి, దానిమీద ఏం రాసివుండాలి, తప్పు నొక్కినవాడికి ఏమని చెప్పాలి — ఇవన్నీ బొమ్మలు గీసి నిర్ణయించడం ఆమె పని. ఆ కంపెనీకి ఆఫీసంటూ వున్నదాన్ని 2020 లాక్‌డౌన్‌లో ఖాళీ చేశారు, మళ్ళీ తెరవలేదు. ఇది మరీ కొత్త ఆలోచనేమీ కాదనుకోండి. జాక్ నిల్స్ అనే అమెరికా ఇంజినీరు 1973లోనే దీనికి 'టెలికమ్యూటింగ్' అని పేరు పెట్టాడు.

కిందటేడు ఈవిడ చేతికింద బొబ్బిలి కుర్రాడొకడు చేరాడు. అదే మొదటి ఉద్యోగం. కొరియరులో లాప్‌టాప్ వచ్చింది, దాంతోపాటు కంపెనీ పేరున్న చొక్కా ఒకటి, చదవమని యాభై కాగితాల లింకులు. పన్నెండో రోజు రాత్రి పదిన్నరకి, ఉద్యోగం మానేస్తానని ఈమెకు రాశాడు. విషయమేమిటని ఆరా తీస్తే, తనకు అప్పగించిన బొమ్మ వున్న ఫైలు తెరవడానికి అతనికి అనుమతే ఇవ్వలేదట! రెండు రోజులు ఆ తాళం గుర్తు చూస్తూ కూర్చున్నాడు. అడుగుదామంటే ఆ మాట నలభైమంది చూసే చోట రాయాలి. "వీడికి ఇంతమాత్రం తెలియదా" అనుకుంటారని జంకు. ఆపైన ఇంట్లో తండ్రి, "ఏరా, పనేమైనా చేస్తున్నావా, ఊరికే చూస్తున్నావా?" అన్నాడట. ఆ ఇంటికి అతని జీతం కావాలి. అయినా మానేస్తానన్నాడంటే ఎంత నలిగిపోయాడో చూడండి.

ఆ రాత్రి మా అమ్మాయి కిందికి వచ్చి, "నాన్నా, మీ దగ్గరికి అప్రెంటిసులు వస్తే మొదట ఏం చేసేవారు?" అని అడిగింది.

ఏం చేసేవాళ్ళం? 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద ఐటీఐ కుర్రాళ్ళు వచ్చేవారు. మొదటిరోజు ఆకురాయి, ఇనుప ముక్క ఇచ్చి చదరంగా రాకమనేవాళ్ళం. అది పని నేర్పడం. కాని వాళ్ళు అసలు నేర్చుకునేది అందులో కాదు. లేత్ దగ్గర ఉస్తాద్ పక్కన ఊరికే నిలబడేవారు. మిషను చప్పుడులో ఏదో తేడా వస్తుంది; ఉస్తాద్ మాట్లాడకుండా ఫీడ్ తగ్గిస్తాడు. "ఎందుకు తగ్గించారన్నా?" అని కుర్రాడు అడుగుతాడు. ఆ ప్రశ్న అక్కడ నిలబడితేనే పుడుతుంది. స్టోర్సులో ఎవరిని బతిమాలాలో, ఏ ఇన్‌స్పెక్టరు దగ్గర మాటలు తగ్గించాలో క్యాంటీనులో తెలిసేది. అంతకంటే ముఖ్యం, ఉస్తాద్ పాడుచేసిన ముక్కలు కూడా అక్కడే స్క్రాపు డబ్బాలో కనిపించేవి. వాటిని చూస్తే కుర్రాడికి కొండంత ధైర్యం.

ఈ స్క్రాపు డబ్బా సంగతి మా అమ్మాయికి బాగా తగిలింది. వాళ్ళు ఫిగ్మా అనే దాంట్లో బొమ్మలు గీస్తారు; ఒకరు గీస్తుంటే ఎక్కడున్నవాళ్ళయినా చూడవచ్చు. కాని అందరూ ముస్తాబైన బొమ్మలే చూపిస్తారు. ఈమె మర్నాడు తను కొట్టేసిన పదిహేడు బొమ్మలూ అతనికి తెరిచిపెట్టింది. రోజూ అరగంట తను పని చేస్తుంటే పక్కన కూర్చున్నట్టు చూడమంది. ఏ అనుమతికి ఎవరిని అడగాలో ఒక పేజీలో పేర్లతో రాసి, కొత్తవాళ్ళకు మొదటిరోజునే చేరేలా చేసింది. పై అధికారి కాని మనిషిని ఒకరిని తోడు పెట్టింది, వెర్రి ప్రశ్నలు అడుక్కోవడానికి. ఈ తోడు పద్ధతి గిట్‌ల్యాబ్ అనే ఆఫీసులేని కంపెనీది. వాళ్ళు తమ ఆచారాలన్నీ గ్రంథంలా రాసి లోకానికి బయట పెట్టారు.

మరో ముచ్చట వుంది. వర్డ్‌ప్రెస్.కామ్‌ను నడిపే ఆటోమాటిక్ కంపెనీలో, ఏ పనికి చేరినవాళ్ళయినా మొదటి కొన్ని వారాలు వాడకందార్ల ప్రశ్నలకు జవాబులు చెప్పాలని ఆచారం పెట్టుకున్నారట. అది చదివి ఈమె, బొబ్బిలి కుర్రాణ్ణి వాళ్ళ ఊళ్ళోనే ఒక మందుల షాపులో, యజమాని అనుమతితో, ఒక సాయంత్రం కూర్చుని రమ్మంది. వెళ్ళాడు. పది మాత్రల పట్టీలోంచి నాలుగు కత్తిరించి ఇవ్వాలంటే ఆయన తెరమీద మూడు చోట్ల నొక్కాల్సి వస్తోంది. జనం మీద పడుతుంటే అంత ఓపికెక్కడిది? చిల్లర మాత్రలన్నీ సిగరెట్టు పెట్టె అట్టమీద రాసుకుని, రాత్రి షట్టరు దించాక ఎక్కించుకుంటున్నాడు. మూడేళ్ళుగా ఆ తెర గీస్తున్నవాళ్ళెవరికీ ఈ అట్టముక్క సంగతి తెలియదు! కుర్రాడు దాన్ని ఒక్క నొక్కుకు కుదించి గీశాడు. నెల తిరక్కుండా అది షాపులకు చేరింది. మానేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇదంతా ఉచితంగా జరగలేదు సుమండీ. ఆ నెల మా అమ్మాయి స్వంత పని వెనకబడింది. "నీ బొమ్మలు తగ్గాయేం?" అని పైవాళ్ళు నిలదీశారు. నేర్పడం కూడా పనే అని లెక్కలోకి తెచ్చుకునేసరికి ఆమెకు రెండు మీటింగులు, ఒక రాత్రి నిద్ర ఖర్చయ్యాయి. చివరికి రోజుకు గంట దానికని ఒప్పుకున్నారు. నన్నడిగితే గంట చాలదు. ఉస్తాద్ పక్కన ఎనిమిది గంటలు నిలబడేవాడు మావాడు. తెరమీద చప్పుడు తేడా వినిపించదు కదా! కుర్రాడు దిగులుగా వున్నాడో లేదో కెమెరా ఆపేస్తే తెలియదు. దానికి మందేమిటని అడిగితే మా అమ్మాయి కూడా తల అడ్డంగా ఊపింది.

వచ్చే సోమవారం మరో అమ్మాయి చేరుతోంది. పెళ్ళయి న్యూజెర్సీలో వుంటోందట. తోడుగా బొబ్బిలి కుర్రాడినే వేశారు. అక్కడ పొద్దున్న తొమ్మిదంటే ఇక్కడ చీకటి పడ్డాక. కాబట్టి మా అమ్మాయి అరగంట ఇకనుంచి రాత్రిపూట. మా ఆవిడ అప్పుడే భోజనాల వేళ మార్చేసింది. ఏడింటికే కంచాలు పెట్టేస్తోంది. నాకింకా ఆకలి వెయ్యడం లేదు.