నైలు ఎగువ, దిగువ

ఈజిప్టు పటం చూసినప్పుడల్లా నా మనసు ఇథియోపియా మీదికి పోతుంది. కైరోలో ఏడాదంతా కలిపినా పాతిక మిల్లీమీటర్ల వాన. మన దగ్గర ఒక్క సాయంత్రం జోరువానకే అంత పడుతుంది. ఇంకా దక్షిణాన అస్వాన్‌లో ఏళ్ల తరబడి చినుకే ఉండదు. అయినా నైలు ఒడ్డున పొలం గట్టు మీద నిలబడితే ఒక కాలు పచ్చగడ్డిలో, ఇంకో కాలు ఇసుకలో పెట్టవచ్చు.

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా మాత్రం 2,300 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. భూమధ్యరేఖకు అంత దగ్గరున్నా రాత్రిళ్లు దుప్పటి కావాల్సిందే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. ఆ వానే కొండల మట్టిని కోసుకుంటూ నీలి నైలుగా దిగి, సూడాన్ దాటి ఎడారిలోకి చేరుతుంది. ఈజిప్టుకు వచ్చే నైలు నీటిలో సుమారు 85 శాతం ఆ కొండలదే! వేల ఏళ్లు ఆ వరదే ఈజిప్టు రైతుకు పంచాంగం. 1970లో అస్వాన్ హై డ్యామ్ పూర్తయ్యాక ఒండ్రు జలాశయంలోనే ఆగిపోతోంది.

2025లో ఇథియోపియా కూడా నీలి నైలు మీద భారీ ఆనకట్ట ప్రారంభించింది. కరెంటు లేని ఇళ్లెన్నో ఉన్న దేశం, కట్టుకోవద్దని ఎవరనగలరు? కానీ కరువు ఏడాదిలో కిందికి ఎన్ని నీళ్లు వదలాలో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. కృష్ణా జలాల తగవు ఎరిగిన మనకైనా ఈజిప్టు ఆందోళన అర్థం కావాలి.