తొలి పరీక్షలో తగ్గిన మార్కులు

మీ యింటి బిడ్డ వైద్య కళాశాలలో చేరి, తొలి పరీక్షలోనే మార్కులు తగ్గినవని దిగులుపడుచున్నదా? మా అన్నగారి కుమార్తెకు ఆలాగే జరిగెను. పల్లెబడిలో ఎన్నడును రెండవ స్థానమెరుగని పిల్లకు అనాటమీలో నూటికి 34 వచ్చినవి. పది దినములు ఇంటికి ఫోను చేయలేదు. మార్కులకంటె ఆ మౌనమునకే నేను భయపడితిని. మార్కులెన్నియని గుచ్చి గుచ్చి అడుగు ఇరుగుపొరుగువారికి ఆ భయము తెలియదు.

వెళ్లి కలిసికొంటిని. యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్ పరీక్ష రెండుమార్లు తప్పి మూడవసారి నెగ్గిరని చెప్పగా, "ఆయన గొప్పవాడు, చిన్నాన్నా. నా సంగతేమిటి?" అనెను. జవాబు దొరకక ఆమె వ్రాసిన పేపరు చూచితిని. అక్కడ సంగతి తెలిసినది. నీట్ పరీక్షలో నాలుగు జవాబులలో సరియైనది గుర్తించిన చాలును. ఇక్కడ దానినే ఇంగ్లీషులో పుటలకొలది వ్రాసి, బొమ్మ గీయవలెను. పిల్లకు విషయము తెలియును, వ్రాత అలవాటు లేదు.

మీ బిడ్డ ఎక్కడ ఆగిపోవుచున్నదో నెమ్మదిగా అడుగుడి. మా పిల్ల ఒక సీనియరు అక్క యొద్ద కూర్చుండి, ఎముకను చేతబట్టి దాని గుంటల పేర్లు పలుకుచు, రాత్రికొక జవాబు గడియారము చూచుకొని వ్రాసెను. తరువాతి పరీక్షలో 52 వచ్చినవి. ఉత్తీర్ణతకు 50 కావలెను. బయోకెమిస్ట్రీ మాత్రము ఇంకను వెనుకబడియే యున్నది.