కరెంటు పోతే ఏమైతది?

రెండు నెలలుగా ఇక్కడేమీ రాయలేదు. ఆఫీసులో పని ఎక్కువైందనే పాత సాకు ఎలాగూ ఉంది కానీ, అసలు కారణం అది కాదు. నా శనాదివారాలన్నీ మడికొండలో మా ఇంటి వెనక పాకలో గడిచిపోయాయి. అక్కడ ఏం వెలగబెట్టావయ్యా అంటే.. మా బాపు కొలిమికి గ్యాసు పెట్టాను. పెట్టబోయి పాక తగలబెట్టినంత పని చేశాను. ఆ కథే ఇది.

తెలియనివాళ్ళ కోసం: మడికొండ హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్ళే రోడ్డు మీద, కాజీపేటకి దగ్గర్లో ఉంటుంది. మెట్టుగుట్ట రామలింగేశ్వరస్వామి గుడి ఉన్న ఊరంటే చాలామంది గుర్తుపడతారు. 2020 జనవరిలో ఇక్కడ ఐటీ క్యాంపస్‌లు తెరిచినప్పటి నుంచి మా వాడలో వాళ్ళు "ఇంక నువ్వు గీడికే రావొచ్చు గద బిడ్డా" అంటూనే ఉన్నారు. నేను మాత్రం ఇంకా హైదరాబాద్‌లోనే. శుక్రవారం రాత్రి రైలెక్కి కాజీపేటలో దిగడం, ఆదివారం రాత్రి మళ్ళీ రైలెక్కడం.

మేం కమ్మరోళ్ళం. బాపు చేతి కొడవళ్ళకి, గొడ్డళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. వరికోత మిషన్లు వచ్చాక కొడవళ్ళ గిరాకీ బాగా తగ్గిపోయింది. అయినా గీత కత్తులకీ, గడ్డపారలకీ, పాత గొడ్డళ్ళ సానకీ ఇప్పటికీ మనుషులు వస్తూనే ఉంటారు. పాత లారీ కమాను పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సమ్మెటతో సాగదీస్తుంటే చూడాలి. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి జావా రాసుకుంటున్న బాపతు (నవ్వకండి, మీలో సగం మంది అంతే). నాలుగేళ్ళ చదువులో ఉక్కు గురించి నేను బట్టీపట్టిందంతా బాపు రంగు చూసి చెప్పేస్తాడు.

మరి గ్యాసు ఎందుకు? అమ్మ కోసం. మా కొలిమికి మొదట్లో తోలు తిత్తి ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి చేత్తో తిప్పే గాలి చక్రం వచ్చింది. బాపు కొడుతుంటే అమ్మ చక్రం తిప్పేది. ముప్పై ఏళ్ళు తిప్పింది. ఇప్పుడు కుడి భుజం లేవడం లేదు, బొగ్గు పొగకి దగ్గు వదలడం లేదు. మంచి బొగ్గు దొరకడమూ కష్టమైంది. కొడుకు ఇంజనీరు అయ్యుండి అమ్మ ఇంకా చక్రం తిప్పడమేమిటని నాకు పౌరుషం వచ్చింది.

మొదట పెట్టింది బ్లోయర్ లేని గ్యాసు బర్నర్. గ్యాసు సన్నటి రంధ్రంలోంచి వేగంగా చిమ్ముతూ చుట్టూ ఉన్న గాలిని తనే లాక్కుంటుంది. ఇంట్లో గ్యాసు పొయ్యిదీ ఇదే సూత్రం. మందపాటి ఇనుప గొట్టానికి లోపల సిరామిక్ ఉన్ని, దాని మీద అగ్నిమట్టి పూత. ఇంటి ఎర్ర సిలిండర్‌ని ఇలాంటి పనికి వాడకూడదు కాబట్టి 19 కిలోల కమర్షియల్ సిలిండరు తీసుకున్నాం. నెల రోజులు బాగానే నడిచింది. చిన్న పనులకి సరిపోయింది కానీ గడ్డపార లాంటి లావు సరుక్కి వేడి చాలడం లేదు.

ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే దాదాపు 24 పాళ్ళ గాలి కావాలి. బ్యూటేన్‌కైతే 31. మన ఎల్‌పీజీ ఆ రెండింటి మిశ్రమం. అంటే మంట అనేది ముఖ్యంగా గాలి వ్యవహారం, గ్యాసు అందులో తాలింపు లాంటిది. గాలి పెంచితే వేడి పెరుగుతుంది కదా, బ్లోయర్ పెడదామన్నాను. బాపు బీడీ ఆర్పి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"కరెంటు పోతే ఏమైతది రా?"

"ఇప్పుడు కరెంటు ఏడ పోతుంది బాపూ? ఒకవేళ పోతే ఇన్వర్టర్ ఉంది గద."

"ఇన్వర్టర్ దిగిపోతే?"

నేను నవ్వేసి వేరే మాటలోకి వెళ్ళిపోయాను. రివ్యూలో టెస్టింగ్ వాళ్ళు మూలకేసు ఒకటి లేవనెత్తితే మనం నవ్వుతాం చూడండి, అచ్చం ఆ నవ్వే.

మే నెల ఆదివారం మధ్యాహ్నం. బ్లోయర్ బిగించాను, ఇన్వర్టర్ సంగతి వచ్చే వారం చూద్దామనుకున్నాను. మంట నీలంగా, గుయ్యిమంటూ వచ్చింది. అయిదు నిమిషాల్లో కొలిమి లోపలంతా పసుప్పచ్చగా అయిపోయింది. అమ్మ చూడ్డానికి వచ్చి పక్కన నిలబడింది. నేను వీడియో తీస్తున్నాను. అంతలో గాలిదుమారం లేచింది, కరెంటు పోయింది.

బ్లోయర్ చప్పుడు మెల్లగా పడిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. నీలం మంట పోయి మూరెడు పసుపు నాలుక కొలిమి నోట్లోంచి బయటికి వచ్చింది. గాలి తోపు లేకపోయేసరికి గ్యాసు వెనక్కి, గొట్టంలోకీ బ్లోయర్‌లోకీ పాకింది. నేను సిలిండరు వైపు పరిగెత్తాను. చెయ్యి వాల్వు మీద పడేలోపే కరెంటు తిరిగి వచ్చింది. బ్లోయర్ తిరిగింది, గొట్టంలో నిండిన గ్యాసుకి గాలి కలిసింది, ఢబ్బుమంది! బ్లోయర్ డొప్ప పగిలి ముక్క వెళ్ళి గోడకి తగిలింది. నా చేతి మీద వెంట్రుకలు కాలాయి. అమ్మకేం కాలేదు, ఎందుకంటే మంట రంగు మారగానే బాపు ఆమె చెయ్యి పట్టుకుని పాక బయటికి లాగేశాడు. నేను సిలిండరు గురించి ఆలోచిస్తుంటే ఆయన మనిషి గురించి ఆలోచించాడు.

బాపు తిట్టలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం ఒక మాటన్నాడు. "తిత్తి ఆపితే బొగ్గు పండుకుంటది రా. నీ గ్యాసు పండుకోదు."

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వందల ఏళ్ళుగా తిత్తి ఊదుతున్నవాళ్ళం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో తీసిన ఉక్కు పర్షియా దాకా వెళ్ళిందంటే ఆ కొలుములకి కూడా ఊపిరి తిత్తే. ఆ పాత ఏర్పాటులో ఒక గొప్ప గుణముంది. గాలి ఊదే మనిషి అలిసిపోయినా, లేచిపోయినా, పడిపోయినా నిప్పు దానంతటదే చల్లబడుతుంది. నేను కొత్తది చేస్తూ ఆ గుణాన్ని గమనించకుండా తీసి పారేశాను. బ్లోయర్ లేని బర్నర్‌కి కూడా కరెంటుతో పనిలేదు. కరెంటు మీద ఆధారపడటం నేను చేర్చిన కొత్త డిపెండెన్సీ. అది ఫెయిలైతే ఏమవుతుందో రాసుకోలేదు, అంతే.

తర్వాతి వారం వరంగల్‌లో హోటళ్ళకి గ్యాసు లైన్లు వేసే ఫిట్టర్ అన్నని తీసుకొచ్చాను. ఆయన మొత్తం చూసి, ముందు సిలిండరు బయటపెట్టించి, తర్వాత మాట్లాడాడు. "తమ్మీ, మూసుకుని ఉండుడే గ్యాసు వాల్వు అసలు పని. తెరుచుకోవాల్నంటే కరెంటు అడగాలె. నువ్వు ఉల్టా పెట్టినవ్" అన్నాడు. ఇంత సూటిగా మా ఆర్కిటెక్టులెవరూ ఎప్పుడూ చెప్పలేదు :)

ఇప్పుడున్న ఏర్పాటు ఇదీ:

ఒకటి, గ్యాసు లైనులో సోలినాయిడ్ వాల్వు. కరెంటు ఉంటేనే తెరుచుకుంటుంది, పోగానే స్ప్రింగుతో టక్కున మూసుకుంటుంది.

రెండు, గాలి గొట్టంలో ప్రెషర్ స్విచ్. కరెంటు ఉన్నా బ్లోయర్ ఆగిపోవచ్చు. మోటారు కాలొచ్చు, నోటికి గుడ్డ అడ్డం పడొచ్చు. గాలి నిజంగా వస్తేనే వాల్వుకి కరెంటు అందుతుంది.

మూడు, కరెంటు తిరిగొస్తే దానంతటది మొదలవకూడదు. ఇది బాపు పట్టుబట్టి పెట్టించింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు బోర్లకున్న ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ఊరూరా చెప్పారు గుర్తుందా? కరెంటు రాగానే మోటారు తనే మొదలై అవసరం ఉన్నా లేకున్నా నీళ్ళు తోడేసేది. "దీనికి గసొంటి ఆటో వద్దు. నేను బటన్ నొక్కితెనే నడవాలె" అన్నాడు. అందుకే మామూలు మోటారు స్టార్టర్ లాగా, కరెంటు పోతే పడిపోయి, మనిషి వచ్చి నొక్కితేనే లేచే బటన్ పెట్టాం.

నాలుగు, బాపు కాళ్ళు పెట్టుకునే మోకాలి లోతు గుంత పూడ్చేశాం. ఎల్‌పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నీళ్ళలా గుంతల్లోకి చేరుతుంది. గాలిలో సుమారు రెండు శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. పాకకి రెండు వైపులా గోడ అడుగున కూడా సందులు వదిలాం.

వెలిగించడానికీ ఆర్పడానికీ ఒక వరుస ఉంది. ముందు బ్లోయర్ ఒక నిమిషం తిరగాలి, లోపల ఏమైనా గ్యాసు మిగిలి ఉంటే పోవాలి. తర్వాత గాలి తగ్గించి, నోటి దగ్గర కాగడా మంట పెట్టి, పక్కకి నిలబడి, అప్పుడు గ్యాసు కొద్దికొద్దిగా. ఆర్పేటప్పుడు ముందు సిలిండరు దగ్గర గ్యాసు కట్టాలి. బ్లోయర్ మాత్రం కొలిమి చల్లబడేదాకా తిరుగుతూనే ఉండాలి. తలుపు తీసేటప్పుడు మనిషి తర్వాత కుక్క, వేసేటప్పుడు కుక్క తర్వాత మనిషి అన్నట్టు గుర్తుపెట్టుకున్నాడు బాపు. నాకు ఇప్పటికీ ఆ పోలిక అర్థం కాలేదు కానీ ఆయన ఒక్కసారీ తప్పలేదు.

ఇక మెయింటెనెన్స్. వారానికోసారి ప్రతి జాయింటుకీ సబ్బు నురగ. బుడగ లేస్తే ఆ రోజు పని బంద్. పగుళ్ళు కనపడితే పైపు మార్చడమే. బ్లోయర్ రెక్కలకి పట్టిన దుమ్ము తుడవాలి, ఎందుకంటే గాలి తగ్గితే మంట పసుపుగా సాగి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఎల్‌పీజీకి వాసన కలుపుతారు కాబట్టి లీకైతే ముక్కుకి తెలుస్తుంది, దీనికి వాసనే లేదు. అందుకే అలారం ఒకటి గోడకి పెట్టాం. లోపలి సిరామిక్ ఉన్ని పూత రాలితే వెంటనే మళ్ళీ పూయాలి. ఆ నూగు ఊపిరితిత్తులకి మంచిది కాదు, ముట్టుకునేటప్పుడు మాస్కు తప్పనిసరి.

ఇదంతా కమ్మరోళ్ళ గొడవ, మాకెందుకు అంటారా? అమెరికాలో ఉన్న మా బ్యాచ్‌మేట్ ఒకడికి ఫోన్లో ఈ కథ చెబుతుంటే మధ్యలో నోరు జారాడు. చలికాలంలో వాడి బేస్‌మెంట్‌లో గ్యాసు ఫర్నేస్ మాటిమాటికీ ఆగిపోతుంటే, ఏదో వీడియో చూసి ప్రెషర్ స్విచ్‌ని వైరుతో కలిపేద్దామనుకున్నాడట. నాకు వెన్నులో చలి పుట్టింది. ఆ ఫర్నేసులోనూ ఉన్నది మా పాకలో ఉన్నదే. ముందు పొగని బయటికి లాగే చిన్న ఫ్యాను తిరగాలి, అది నిజంగా లాగుతోందని ప్రెషర్ స్విచ్ చెప్పాలి, అప్పుడే గ్యాసు తెరుచుకోవాలి. కొన్ని క్షణాల్లో మంట ఉందని సెన్సర్ చెప్పకపోతే గ్యాసు మళ్ళీ మూసుకోవాలి. స్విచ్ ఒప్పుకోవడం లేదంటే పొగ పోయే దారి చూడరా, స్విచ్‌ని కాదు అన్నాను. బయటికెళ్ళి చూస్తే పొగ గొట్టం నోటికి మంచు కప్పేసి ఉంది. స్విచ్ వాడి ప్రాణం కాపాడుతోంది, వీడు దాని నోరు నొక్కబోయాడు. ఎర్రర్ లాగ్ ఎక్కువగా వస్తోందని లాగింగ్ ఆపేసే జాతి కదా మనది.

ఇక్కడ మనూళ్ళో అయితే బాత్రూంలో గ్యాసు గీజర్. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టేశాం, ఇక భయం లేదనుకుంటాం. లోపలికి గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాను ఒక్కటే తిరిగితే అది కాలిన వాయువుల్నే గదిలోకి లాగొచ్చు. గీజర్‌ని బయట పెట్టించి నీళ్ళు మాత్రం లోపలికి తెచ్చుకోవడం అన్నిటికంటే మేలు. గ్యాసు లీకైందని అనుమానం వస్తే 1906కి ఫోన్ చెయ్యండి, ఇంట్లోంచి బయటికొచ్చాక.

పాత గాలి చక్రం ఇంకా పాకలోనే ఉంది. అమ్మ ఇప్పుడు తిప్పడం లేదు. సబ్బు నురగ పని మాత్రం తనే తీసుకుంది, ఇంకెవరినీ నమ్మదు. ఇక బాపు.. రోజూ పొద్దున కొలిమి వెలిగించాక అయిదు నిమిషాలకి లేచి వెళ్ళి మెయిన్ స్విచ్ కిందికి కొడతాడు. టక్‌మని వాల్వు పడిన చప్పుడు వినాలి, మంట ఆరడం కళ్ళతో చూడాలి. అప్పుడు స్విచ్ వేసి, బ్లోయర్ ఒక నిమిషం తిప్పి, మళ్ళీ మొదటి నుంచి వెలిగించుకుంటాడు. రోజూ ఎందుకు బాపూ, నెలకోసారి చాలదా అన్నాను.

"నిన్న పడ్డది రా. ఇయ్యాల పడుతదని నీకెట్ల ఎరుక?"

సోమవారం ఆఫీసుకెళ్ళి మా సర్వీసులో, డేటాబేస్ ఆగిపోతే ఏమవుతుందో చూడ్డానికి రాసిన టెస్టు ఎక్కడుందా అని వెతికాను. లేదు. రెండేళ్ళ కిందట దాన్ని రాస్తానని ఒప్పుకున్నది నేనే. ఇవాళ మొదలుపెట్టాను.