‘ఓకే’ అంటే ఏమిటి?

మా ఆఫీసు మీటింగుల్లో ‘ఓకే’ అనే మాట ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కే లేదు. దాని అర్థం విన్నాననా, అర్థమైందనా, చేస్తాననా, లేక ఇక కాల్ పెట్టేయండి బాబూ అనా? అన్న మనిషికే తెలియాలి. టెనెరిఫే ప్రమాదం గురించి చదివాక ఆ మాట వింటే నాకు కొంచెం భయమేస్తుంది.

1977 మార్చి 27. స్పెయిన్ ఏలుబడిలోని కానరీ దీవులు. పక్క దీవి ఎయిర్‌పోర్టులో బాంబు పేలడంతో విమానాలను టెనెరిఫేలోని లాస్ రోడియోస్ అనే చిన్న ఎయిర్‌పోర్టుకు మళ్ళించారు. సాయంత్రానికి పొగమంచు కమ్మేసింది. ఉన్న ఒక్క రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు. ఒక చివర టేకాఫ్‌కు సిద్ధంగా కేఎల్ఎమ్ విమానం. దానికి ఎదురుగా, ఇంకా రన్‌వే వదలని పాన్ యామ్ విమానం. ఒకరికొకరు కనపడరు. టవర్‌కు ఇద్దరూ కనపడరు. ఇక దిక్కు రేడియోనే.

గాల్లోకి లేచాక ఏ దారిన వెళ్ళాలో టవర్ కేఎల్ఎమ్‌కు చెప్పింది. అది టేకాఫ్‌కు అనుమతి కాదు. కో-పైలట్ దాన్ని తిరిగి చెప్పి, చివర్లో ‘ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం’ అనే అర్థం వచ్చేలా ఏదో అన్నాడు. టేకాఫ్‌కు సిద్ధంగా నిలబడి ఉన్నారని టవర్ అనుకుంది. నిజానికి విమానం అప్పటికే కదిలింది.

టవర్ ‘ఓకే’ అంది. ఒక్క క్షణం ఆగి, ‘ఆగండి, నేను పిలుస్తాను’ అంది. సరిగ్గా అప్పుడే పాన్ యామ్ ‘మేమింకా రన్‌వే మీదే ఉన్నాం’ అంది. ఆ రేడియోలో ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కి మాట్లాడితే కీచుమనే శబ్దం వస్తుంది. కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో స్పష్టంగా వినపడింది ‘ఓకే’ ఒక్కటే.

విమానం వేగం అందుకుంటుండగా ఫ్లైట్ ఇంజినీర్‌కు అనుమానం వచ్చింది. పాన్ యామ్ రన్‌వే ఖాళీ చేయలేదా అని అడిగాడు. చేసిందని కెప్టెన్ గట్టిగా అన్నాడు. ఆయన ఆ కంపెనీలో ఎంతో సీనియర్. మళ్ళీ ఎవరూ అడగలేదు. 583 మంది చనిపోయారు.

ఆ తర్వాత రేడియోలో మాట్లాడే పద్ధతే మారింది. ఇప్పుడు ‘టేకాఫ్’ అనే మాట అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో మాత్రమే వాడాలి. మిగతా సందర్భాల్లో ‘డిపార్చర్’ అంటారు. ముఖ్యమైన ఆదేశాలకు ‘ఓకే’, ‘రోజర్’ అంటే చాలదు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. తప్పుంటే కంట్రోలర్ అక్కడే దిద్దాలి. మా కంప్యూటర్లదీ ఇదే తీరు. నెట్‌వర్క్‌లో డేటా అందిందని ఊరికే అనవు, ఎక్కడిదాకా అందిందో నంబరుతో సహా చెబుతాయి.

మనుషులతోనే చిక్కు. ఆమధ్య అమ్మ బీపీ మాత్రలు మారితే నాన్నకు ఫోన్ చేశాను. “పొద్దుటి మాత్ర మానేయాలి, రాత్రి సగమే వేయాలి” అన్నాను. సిగ్నల్ గరగరమంటోంది. “సరే సరే” అన్నాడు.

“నాన్నా, ఏం చెప్పానో ఒక్కసారి చెప్పు.”

“నాకేమన్నా చెవుడా?” అని కసిరి, తర్వాత చెప్పాడు: “పొద్దున సగం, రాత్రి సగం. అంతేగా?”

అంతే కాదు. ‘మానేయాలి’ అన్న మాట ఆయనకు చేరనే లేదు. ఆయన ‘సరే’ అన్నది మాత్రం అబద్ధం కాదు. తను విన్నదానికి సరే అన్నాడు.

మళ్ళీ చెప్పమంటే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. మళ్ళీ అడగాలంటే చిన్నవాళ్ళకు మొహమాటం. మేనేజర్ ముందు కుర్రాడికీ, డాక్టర్ ముందు పేషెంటుకీ ఇదే ఇబ్బంది. విమానాల వాళ్ళు మాత్రం ఈ మొహమాటాన్నే ప్రమాదంగా లెక్కగట్టారు. అనుమానం వస్తే గట్టిగా చెప్పమని కింది ఉద్యోగులకు, ఆగి వినమని కెప్టెన్లకు శిక్షణ ఇస్తున్నారు. ఆ ఫ్లైట్ ఇంజినీర్ అడిగింది సరైన ప్రశ్నే. రెండోసారి అడిగే వీలు ఆ కాక్‌పిట్‌లో లేకపోయింది.